కారునకు వినైలు తొడుగు

ఓరుగంటినుండి హైదరాబాదునకు పోవు త్రోవలో, జనగామకు సమీపమున, పెంబర్తి యను గ్రామము కలదు. అచ్చటి విశ్వకర్మలు ఇత్తడి రేకును పలుచగా సాగగొట్టి, దానిమీద లతలను హంసలను దేవతామూర్తులను ఉబ్బెత్తుగా దీర్చి, కోవెల తలుపులకును, ధ్వజస్తంభములకును, ఉత్సవ వాహనములకును తొడుగుదురు. కాకతీయుల నాటినుండి వచ్చుచున్న పనితనమని దానికి ప్రసిద్ధి. దేవుని వాహనమునకు లోపల నున్నది కొయ్య. మన కన్నుల కగపడునది లోహము. పండుగనాడు దీపముల వెలుగులో ఆ తొడుగు తళతళలాడుచుండగా లోపలి కొయ్య యెట్లున్నదని యడుగువారుండరు. అడుగవలసినవాడు రేకు తొడుగు పనివాడొక్కడే. పుచ్చిన కొయ్యపై కొట్టిన మేకు నిలువదు గదా.

దేవుని వాహనముల సంగతి యట్లుండగా, మనుష్యుల వాహనములకును తొడుగులు తొడిగించు వాడుక యిప్పుడు మన యూళ్లలో బయలుదేరినది. హనుమకొండలోను, కాజీపేట త్రోవలోను కారు అలంకరణ దుకాణములు పెక్కు కలవు. ఎఱ్ఱని కారొకటి సోమవారమున లోనికి పోయి గురువారమున బూడిద రంగుతో బయటికి వచ్చుట మనము చూచుచునే యున్నాము. అది రంగు పూసినది కాదు. పలుచని వినైలు పొరను ఒంటినిండ అంటించినది. దీనినే ర్యాపింగు అందురు. కొందరు స్టిక్కరింగు అనియు అందురు.

ఇది పురుషుల ముచ్చట యని సోదరీమణులు పుట త్రిప్పివేయవలదని మా ప్రార్థన. కారు కొనుటకు నగలు కుదువబెట్టునప్పుడు మనము కావలసివచ్చితిమి. కారునకు బట్ట కట్టునప్పుడు మాత్రము మన మాట యక్కరలేదా? పైగా నేడు మనలో పలువురు స్వయముగా కారు నడుపుచున్నారు. ఆర్.సి. పత్రము మన పేరనే యున్న యిండ్లును కలవు. ఆ పత్రములో కారు రంగు వ్రాసియుండునని యెరిగినవారెందరు? ఆ విషయమునకు తరువాత వత్తము.

ముందు మా యింటి కథ. నాలుగేండ్ల క్రిందట మేము ఏడేండ్లు వాడిన తెల్లని చిన్న కారొకటి కొంటిమి. బడిపంతులుగారి జీతములో మిగిల్చినది కొంత, మా గొలుసు తాకట్టుపై తెచ్చినది కొంత. కారు బాగుగనే నడచుచుండెను. కాని బానెట్టు మీద గీతలు, తలుపుల క్రింద చిన్న చిన్న సొట్టలు, కప్పుపై వెలిసిన రంగు. మా మరిది చూచి, “వదినా, పెయింటింగుకైతే నలుబై వేలైతయి. ర్యాపింగు చేయిస్తే ఇరవై రెండు వేలల్ల అయిపోతది. కొత్త కారు లెక్కనే కొడ్తది” అనెను. మావారు తల యూచిరి. మేమును సంతోషించితిమి. నిజము చెప్పవలెనన్న, ఆ నల్లబూడిద రంగును ఎన్నుకొన్నది మేమే. అలంకరణ దుకాణము వారు “అయిదేండ్లు చూసుకునే పని లేదమ్మా” అని భరోసా యిచ్చిరి. మేమడిగిన ప్రశ్న లొక్కటియు లేవు. ఏమడుగవలెనో తెలిసియుండిన గదా అడుగుట.

ఇప్పుడు తెలిసినది కొంత యున్నది. దానిని క్రమముగా చెప్పెదము.

మన పొలములకు నీరు పారించు గొట్టములు ఏ పదార్థముతో చేయుదురో, ఆ పాలీవినైల్ క్లోరైడుతోనే యీ పొరను చేయుదురు. గొట్టము గట్టిగా నుండును, పొర మెత్తగా నుండును. భేదమంతయు దానిలో కలుపు మెత్తదనపు ద్రవ్యములలో నున్నది. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు లోహమునకు రబ్బరు నంటించుటకై జిగురు వెదకుచుండగా ఆయనకు దొరికినది యీ గట్టి పదార్థమును మెత్తపరచు ఉపాయము. జిగురు కొఱకు పోయినవానికి జిగురు పూసికొను బట్ట దొరికెను! అప్పటినుండి అది వానకోటులుగను, తంతుల తొడుగులుగను, నేలపై పరచు పటములుగను మారి మారి, కడకు కారుల చీరగా వచ్చినది.

చీర యని ఊరక యనలేదు. ఈ పొర చుట్టలుగా వచ్చును. దాని పన్నా సాధారణముగా 1.52 మీటర్లు. చిన్న కారును సంపూర్ణముగా కప్పుటకు సుమారు పదునైదు పదునేడు మీటర్లు పట్టును. అనగా మూడు చీరల పొడవన్నమాట. పెద్ద కారులకు ఇంకను ఎక్కువ. దుకాణదారు ఎన్ని మీటర్లు వాడునో, మీటరు వెల యెంతయో అడిగినచో లెక్క మనకే తేలును. బట్టల కొట్టులో గజము గజము కొలిపించుకొను మనము ఇచ్చట మాత్రము “మొత్తము మీద ఇంత” యన్నమాటకు లోబడుట వింత. పొరకు అడుగున జిగురుండును, జిగురుపై కాగితముండును. మంచి పొరల జిగురులో కంటికి కానరాని సన్నని కాలువలు తీర్చియుందురు. అంటించునప్పుడు చిక్కుకొన్న గాలి ఆ కాలువలవెంట బయటికి పోవును, బుడగలు నిలువవు. ఆ కాగితముపై తయారుచేసిన కంపెనీ పేరు ముద్రించియుండును. చుట్టను విప్పకముందే దానిని చూపుమని యడుగవలెను. పేరు లేని కాగితమో, చెప్పిన పేరొకటి కాగితము మీది పేరొకటియో యైనచో అక్కడనే ఆగవలెను.

పొరలలో రెండు జాతులున్నవి. వ్యవహారమంతయు ఇచ్చటనే యున్నది గనుక సోదరీమణులు కొంచెము నిదానముగా చదువవలెను.

పూతరేకులు చేయు విధము మనకు తెలియును. పలుచని పిండినీటిలో ముంచిన గుడ్డను కాగిన కుండపై వేసి తీసినంతనే రేకు తయారగును. దానిని ఎవరును లాగలేదు, ఒత్తలేదు. ఉన్నచోటనే ఆరి పొరయైనది. కాబట్టి దానికి ముడుచుకొనవలెనను తహతహ లేదు. మొదటి జాతి వినైలు పొరయు అట్టిదే. ద్రవముగా నున్నదానిని పరచిన తలముపై పలుచగా పోసి, పొయ్యిగదులలో నెండబెట్టుదురు. దీనిని కాస్ట్ పొర యందురు. మందము సుమారు 50 మైక్రాన్లు. అనగా మన తల వెండ్రుకకన్నను పలుచన. ఇది కారు ఒంపులలోనికి, అద్దపు గూటి వంపులలోనికి, బంపరు గుంటలలోనికి మెత్తగా దిగును.

ఇక చపాతి సంగతి. చాలసేపు నాననివ్వని పిండిని కఱ్ఱతో ఒత్తి చూడుడు. ఎంత వెడల్పు చేసినను చేయి తీసినంతనే వెనుకకు ముడుచుకొనును. రెండవ జాతి పొరను వేడి వేడి ఉక్కు రోళ్ల నడుమ ముద్దను త్రోసి ఒత్తుదురు. దీనిని క్యాలెండర్డ్ పొర యందురు. ఇది మొదటిదానికంటె దళసరి, వెల తక్కువ. కాని ఒత్తిన పిండికి ముడుచుకొను గుణము పోనట్లు దీనికిని పోదు. ఎండ తగిలినకొలది అంచులు వెనుకకు జరుగును. గోడమీది ప్రకటనలకు, చదునైన తలుపుమీది అక్షరములకు, లారీ పక్కపలకలకు ఇది చాలును. కారు ఒంపులకు ఒంటినిండ కట్టుటకు తగదు. వెల తక్కువని మనము కట్టించుకొన్నది ఏ జాతియో ఊహింప కష్టము కాదు.

రెండవ వేసవి వచ్చెను. రోహిణి కార్తె. ఓరుగంటి ఎండలు ఎట్టివో చెప్పనక్కరలేదు. నలుబది మూడు, నలుబది నాలుగు డిగ్రీలు మనకు వింత కాదు. నల్లని పొర కట్టిన కప్పు మధ్యాహ్నము చేయి పెట్టలేనంత వేడెక్కుచుండెను. తొలుత తలుపుల అంచున గోరు పట్టునంత తెల్లని గీత కనబడెను. లోపలి రంగు తొంగిచూచినది. తరువాత బంపరు గుంటలలోని పొర గుడారమువలె లేచినది. శ్రావణమాసము వచ్చుసరికి కప్పుమీద పొర ఎండిన చెఱువు నేలవలె పగిలెను. దుకాణము వారిని అడిగితిమి. “ఎండలో నిలిపితే మేమేం జేస్తమమ్మా” అనిరి. కారును అల్మారాలో పెట్టుకొనవలెనని మాకప్పుడు తోచలేదు!

నిజమునకు ఆ మాటలో సగము సత్యము లేకపోలేదు. ఎంత మంచి పొరయైనను మీదికి చూచు భాగములు, అనగా కప్పు, బానెట్టు, ముందుగా చెడును. తలుపులవంటి నిలువు భాగములు నిలుచును. అందుచేతనే పేరున్న కంపెనీలు తమ హామీ పత్రములలో మీదికి చూచు భాగములకు గడువు తగ్గించి వ్రాయుదురు. వేడి దేశములకు మఱింత తగ్గింతురు. శీతల దేశములలో ఏడేండ్లని చెప్పినది మన కప్పుమీద అంతకాలము నిలుచునని యనుకొనరాదు. హామీ యడుగునప్పుడు “కప్పునకెంత? మన దేశమునకెంత?” అని రెండు ప్రశ్నలును అడుగవలెను. బిల్లుపై పొర పేరును, రకమును వ్రాయించుకొనవలెను. మా బిల్లుమీద “కారు స్టిక్కరు పని” అని మాత్రమే యుండెను.

ఇంతవరకు పోయినది ఇరువదిరెండు వేలు. అసలు నష్టము పొర తీయించునాడు బయటపడినది.

పొరను వేడిగాలితో మెత్తబరచి, మెల్లమెల్లగా, వాలుగా వెనుకకు లాగవలెను. తలుపులనుండి పొర వచ్చినది. క్రింద తెల్లరంగు చెక్కుచెదరలేదు. బానెట్టు దగ్గరకు వచ్చునప్పటికి పొరతో పాటు తెల్లరంగును పెచ్చులుగా లేచివచ్చెను. రంగు క్రింద లప్పము. లప్పము క్రింద తుప్పు. ఆ కారు మునుపెన్నడో ముందుభాగము గుద్దుకొని, సొట్టలు లప్పముతో పూడ్చి, పైన రంగు కొట్టించుకొని, మాకడకు వచ్చినదని ఆనాడు తెలిసెను. అమ్మినవారు చెప్పలేదు. మేమే పైన మఱియొక తెర కప్పి ఆ రహస్యమును రెండేండ్లు భద్రపరచితిమి. తుప్పు ఆ చీకటిలో సుఖముగా పెరిగినది.

కారునకు ఫ్యాక్టరీలో పూసిన రంగు కర్ణుని సహజకవచమువంటిది. రేకుపై తుప్పు పట్టకుండ నొక పూత, దానిపై అస్తరు, దానిపై రంగు, అన్నిటికి పైన అద్దమువంటి పూత. అన్నియు పొయ్యిగదులలో కాల్చి పట్టించినవి. అన్నియు కలిసి మందము నూరు నూటయేబది మైక్రాన్లకు మించదు. ఐనను పొరను లాగినంతమాత్రమున ఊడిరాదు. తరువాత వీధిలో కొట్టించిన రంగు అట్లు కాదు; పట్టు బలహీనముగా నుండిన పొర జిగురు దానిని తనతో తీసికొనిపోవును. అందుచేత పొర కట్టించుటకు ముందే కారునకు మునుపు రంగు వేయించితిరా యని పనివాడే అడుగవలెను. అడుగనివాడు పని తెలియనివాడో, తెలిసియు అక్కరలేనివాడో కావలెను. కొత్తగా రంగు వేయించిన కారునకు వెంటనే పొర కట్టరాదు; రంగులోని ద్రావకములు ఆవిరియై పోవుటకు సుమారు నెలదినములు విడువవలెను. లేనిచో ఆ ఆవిరి పొరక్రింద బుడగలు కట్టును.

పాత కారు కొనువారికి మేము కనుగొన్న యుపాయమొకటి. వంటయింటి బీరువా తలుపునకు అంటించు అయస్కాంతపు బిళ్ల యుండును గదా. దానిని మెత్తని గుడ్డలో చుట్టి, కారు ఇనుప పలకలపై అచ్చటచ్చట ఆనించి చూడుడు. మంచిచోట ఒకే పట్టున అంటుకొనును. లప్పము దళసరిగా నున్నచోట పట్టు సడలును లేక జారిపడును. బంపరులు ప్లాస్టికువి గనుక వానిపై చూడ పనిలేదు. రంగు మందమును కొలుచు చిన్న యంత్రములును మంచి దుకాణములలో నుండును. అడిగి కొలిపించుకొనుట యింకను మేలు. ఇప్పటికే పొర కట్టిన పాత కారును అమ్మజూపినచో? ఒక మూల పొర యెత్తి చూపనివారియొద్ద మేము కొనము.

ఇక చట్టము. మోటారు వాహనముల చట్టము 1988వ సంవత్సరమునాటిది. దాని 52వ సెక్షను ప్రకారము ఆర్.సి. పత్రములోని వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదు. రంగు ఆ వివరములలో నొకటి. “పూయలేదు, అంటించితిమి, తీసివేసిన పాత రంగే” అని దుకాణదారులు చెప్పు మాట వినుటకు బాగున్నది గాని, త్రోవలో ఆపి తనిఖీ చేయువారి చేతిలో పత్రము తెలుపనును, కన్నుల ఎదుట కారు నలుపనును. దొంగ కారు కాదని నిరూపించుకొను భారము మనమీద పడును. మేమొకసారి హసన్‌పర్తి దగ్గర అట్లే ముప్పావుగంట నిలిచితిమి. వారి తప్పేమియు లేదు. కాబట్టి సంపూర్ణముగా రంగు మారునట్లు పొర కట్టింపదలచినవారు ముందుగా రవాణా కార్యాలయములో విచారించి, రంగు మార్పును పత్రములో నెక్కింపించుకొనవలెను. భీమా కంపెనీకి కూడ వ్రాతమూలకముగా తెలుపవలెను. ప్రమాదము జరిగిననాడు పత్రములకును కారునకును పొంతన లేకపోయిన పరిహారము దగ్గర పేచీ వచ్చును. ఉన్న రంగు పొరనే, లేక రంగులేని పారదర్శకపు పొరనే కట్టించుకొనువారికి ఈ చిక్కు లేదు.

మిలిటరీ వాహనముల ఆలివు పచ్చరంగు మీద మన కుఱ్ఱవాండ్రకు మోజు. కేంద్ర మోటారు వాహనముల నియమములు, 1989, అందులో 121వ నియమము ఆ రంగును రక్షణశాఖ వాహనములకే కేటాయించినది. ఇంటిలో కుమారులున్న తల్లులు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను. నంబరు పలకపైగాని దీపములపైగాని ఏ పొరయు కప్పరాదు. అద్దముల సంగతి వేరు: 2012 ఏప్రిల్ 27వ తేదీన సుప్రీంకోర్టు కారు అద్దములపై నల్లపొరల వాడుకను నిషేధించుచు తీర్పు చెప్పెను. ముందు వెనుక అద్దములగుండ కనీసము 70 శాతము, పక్క అద్దములగుండ కనీసము 50 శాతము వెలుతురు పోవలెనని నియమము. “ఒంటికి కట్టుచున్నాము గదా, అద్దములకును నల్లపొర వేసెదము” అను దుకాణదారుని ఔదార్యమును మర్యాదగా త్రోసిపుచ్చవలెను.

పని జరుగు చోటును చూడవలెను. రోడ్డు ప్రక్కన చెట్టుక్రింద పొర యంటించువారున్నారు. ఒక్క ఇసుక రేణువు పొరక్రింద చిక్కినను అన్నములో రాయివలె తెలియును. తలుపులు మూసిన గది కావలెను. కారును ముందు బాగుగ కడిగి, జిడ్డు తుడిచి, ఆరబెట్టవలెను. అంచులను ఇంటిలోపలికి మడచినట్లు లోనికి మడచిరా, లేక బయటనే కోసివేసిరా యని చూడవలెను. ఒంపులలో సాగదీసి అంటించిన చోట్లను చివరకు మరల తొంబది డిగ్రీలకు పైగా వేడిచేయవలెను. అట్లు చేసినగాని సాగిన పొర తన పాత యాకారమును మఱువదు. తొందరపడు పనివాండ్రు విడిచిపెట్టునది ఈ మెట్టునే. ఇంకొక ప్రమాదము కత్తి. పొరను కారుమీదనే ఉంచి కోయునప్పుడు మొన లోపలి రంగులోనికి దిగిన, ఆ గీత పొర తీసిననాడు గాని కనబడదు. దారముతో కోయు టేపు ఒకటి యున్నది. పొరక్రింద ముందుగా దానిని అంటించి, దారమును లాగినచో పొర తనంత తానే కోసికొనును. అట్టిది వాడునా యని అడుగుటలో సిగ్గు లేదు.

పొర కట్టిన తరువాత వారము దినములు నీటితో కడుగకుండుట మంచిది. జిగురు పట్టు సాధించుకొనును. ఆ పిమ్మట మెత్తని గుడ్డ, గాఢత లేని సబ్బునీరు చాలును. సర్వీసు సెంటరులో జోరుగా కొట్టు నీటిధారను అంచులకు చేరువగా పట్టనీయరాదు. పక్షుల రెట్ట, వేపజిగురు, ఒలికిన పెట్రోలు నాడే తుడిచివేయవలెను. నిగనిగలేని పొరకు మెరుగు మైనము రాయరాదు, మచ్చలు కట్టును.

మన ఆచారము సంగతి యొకటి. భద్రకాళి గుడివద్ద వాహనపూజ చేయించునప్పుడు పసుపు కుంకుమలను తడిపి బానెట్టుపై స్వస్తికము వ్రాయుదుము. పసుపు వినైలునకు పట్టిన మచ్చ వదలదు. తెల్లని పొరయైన మఱియు నిలుచును. ముందు అద్దముపై మూలగా బొట్టు పెట్టిన అమ్మవారికి కోపము రాదని మా నమ్మకము. మేడారము జాతరకు పోయివచ్చు కారులకు ఎఱ్ఱదుమ్ము, బంగారమని మనము పిలుచు బెల్లపు జిడ్డు రెండును అంటును. ఇంటికి వచ్చిననాడే నీళ్లు పోసి నానబెట్టి కడుగవలెను గాని పొడిగుడ్డతో రుద్దరాదు.

ఇంత విన్నవారు పొరయే కూడదని మేమనుచున్నామని తలపవచ్చును. అట్లు కాదు. జర్మనీలో 1971నుండి టాక్సీలు లేత దంతపు రంగున నుండవలెనని నిబంధన యుండెను. ఇటీవల కొన్ని రాష్ట్రములలో సడలించిరి. అచ్చటి యజమానులు ఏ రంగు కారునో కొని, దానిపై దంతపు రంగు పొర కట్టించి, కొన్నియేండ్లు టాక్సీగా నడిపి, అమ్మునాడు పొర తీసివేయుదురు. లోపలి రంగు కొత్తదివలె నుండును, కొనువాడును సంతోషించును. గమనింపవలసినదేమనగా, వారు కొత్త కారునకు కట్టుదురు. కప్పిపెట్టుటకు గాదు, కాపాడుటకు. మన నగరములలో బస్సులపై ప్రకటనలు అంటించువారును నిర్ణీతకాలమునకు తీసివేయు తలంపుతోనే అంటింతురు.

కంకరరాళ్ల దెబ్బలనుండి రంగును కాపాడుకొనుటయే ఉద్దేశమైనచో వినైలు చాలదు. దానికి పి.పి.ఎఫ్. అను పాలీయురిథేను పొర వేరుగా నున్నది. దళసరి 150నుండి 200 మైక్రాన్లు, పారదర్శకము, చిన్నగీతలు ఎండకు తామే మాసిపోవును. వెల మాత్రము గుండె ఝల్లుమనునట్లుండును. ఒంటినిండ గాక బానెట్టుకు, ముందు బంపరునకు మాత్రము కట్టించుకొనుట మధ్యతరగతి వారికి అందుబాటు. కొన్ని దుకాణములలో ఈ రెంటిని కలిపి చెప్పి ఒకదాని పేర మఱియొకటి అంటగట్టుదురు గనుక పేరు అడిగి వ్రాయించుకొనవలెను.

పొర ఎప్పుడు తీయవలెనను ప్రశ్నకు మా యనుభవము: అంచులు లేచుట మొదలైన యేడే తీయవలెను. పగిలిపోవువరకు ఉంచిన గోటి ముక్కలుగా తప్ప రాదు. జిగురంతయు రంగుమీద నిలిచిపోవును. మా కప్పును శుభ్రపరచుటకు ఇద్దరు పనివాండ్రకు రెండు దినములు పట్టినది. బానెట్టును రేకువరకు గీకి, తుప్పు తీసి, మరల రంగు వేయించితిమి. కట్టించుటకైన దానికంటె విప్పించుట కెక్కువైనది. గొలుసు విడిపించుట ఇంకొక యేడు వెనుకబడినది.

తీసివేసిన పొర ముక్కలను పొయ్యిలోగాని చెత్తకుప్పలోగాని పెట్టి కాల్చరాదు. ఈ పదార్థము కాలినప్పుడు క్లోరిను చేరిన ఘాటైన విషపు ఆవిరి లేచును. పసిపిల్లలున్న యిండ్లలో మఱియు ప్రమాదము. మునిసిపాలిటీ వారికి పొడిచెత్తలో వేయుటయే దారి. కారు కట్టిననాడు మిగిలిన కొత్త పేలికనొకదానిని మా అమ్మాయి అప్పుడే తీసికొని వంటయింటిలో కందిపప్పు డబ్బాకు అంటించినది. కారుమీదిది రెండు వేసవులలో చినిగి రాలిపోయినది. డబ్బామీదిది నాలుగేండ్లైనను అంచు లేవక, రంగు మారక, అట్లే యున్నది.